కోనసీమ ట్రిప్పు ప్లాన్ చేస్తున్నారా? ముందు పోటు, పాటు చూసుకోండి

ప్రతి ఏడాదీ డిసెంబరు వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. హైదరాబాద్‌లో ఉండే మా పెదనాన్న గారి అబ్బాయి, బెంగళూరులో ఉద్యోగం చేసే పాత రూమ్మేటు, పెళ్లయ్యాక ఊరి మొహం చూడని మేనకోడలు, అందరిదీ ఒకటే పాట: "నాలుగు రోజులు సెలవు దొరికింది, పిల్లలకి సముద్రం చూపించాలి, పక్షులో జంతువులో ఏవో కనబడాలి, పడవ ఎక్కాలి, కాస్త థ్రిల్లు ఉండాలి, గోవా బోరు కొట్టేసింది, అండమాన్‌కి డబ్బులు చాలవు, మీ కోనసీమ వచ్చేస్తాం, ఏమేం చూడాలో ఓ లిస్టు వాట్సాప్‌లో పడేయ్."

ఇదివరకు పడేసేవాణ్ణి. ఇప్పుడు మానేశాను. లిస్టు పట్టుకుని వచ్చినవాళ్లంతా మిట్టమధ్యాహ్నం కోరంగి మడ అడవికి వెళ్లి "చెట్లు తప్ప ఏమీ లేవు కదరా" అంటారు, సాయంత్రం నది దాటించే పంటు దొరక్క రేవులో నిలబడి ఫోన్ చేస్తారు, నిండు గోదావరి రోజుల్లో వచ్చి పడవలు ఎందుకు ఆపేశారని నన్ను అడుగుతారు. ఇక్కడ ఏం చూడాలన్నది పెద్ద ప్రశ్న కాదు, ఎప్పుడు చూడాలన్నదే ప్రశ్న. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠ అని చీలుతుంది, వశిష్ఠలోంచి వైనతేయ విడిపోతుంది, ఈ పాయల మధ్య ఉన్న మట్టే మా కోనసీమ. పైనుంచి నది తోస్తుంది, కిందనుంచి సముద్రం రోజుకి రెండుసార్లు ఎగదన్నుతుంది. మీ ట్రిప్పు ఈ రెండింటి మధ్య నడవాలి. అందుకని లిస్టు బదులు ఈ పద్ధతి రాసి పెడుతున్నా. ఇకనుంచి అడిగినవాళ్లకి ఇదే పంపిస్తా.

1. ముందు నెల తేల్చుకోండి

జనవరి నెలాఖరు నుంచి ఫిబ్రవరి అంతా. నన్నడిగితే ఇంకో ఆలోచన అక్కర్లేదు. వాన ఉండదు, ఉక్క ఇంకా మొదలవదు, వలస పక్షులు ఉంటాయి, కాలవల్లో నీళ్లు ఉంటాయి, సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే రోజులు కూడా అవే.

మిగతా నెలల సంగతి చెప్తా, ఎందుకంటే సెలవులు మన చేతిలో ఉండవు కదా. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరికి ఎర్రనీరు, అంటే వరద, వస్తుంది. ఆ రోజుల్లో రావాల్సిందే అయితే టీవీలో ఒక్క వార్త చూడండి చాలు, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిది ఎగరేశారంటే పడవలూ పంటులూ ఆపేయడం మొదలవుతుంది, రెండోది వచ్చిందంటే లంకల్లో జనమే గట్టు ఎక్కేస్తుంటారు, మీరు ఎక్కడ తిరుగుతారు? అయితే పులస దొరికేది కూడా సరిగ్గా అప్పుడే. సముద్రంలో ఉన్నప్పుడు విలస, ఎర్రనీటికి ఎదురీది వచ్చాక పులస. పుస్తెలమ్మైనా తినాలంటారు కాబట్టి ధర గురించి నేను వేరే చెప్పక్కర్లేదు. పులస కావాలంటే పులస కోసమే రండి, తినండి, వెళ్లండి. పులస, బీచ్ రెండూ ఒకే ట్రిప్పులో కుదరవు.

అక్టోబరు, నవంబరు తుఫాను నెలలు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫానుకి కోనసీమలో కొబ్బరిచెట్లు వరసలకి వరసలు మధ్యకి విరిగిపోయాయి. మా పెద్దవాళ్లు ఇప్పటికీ ఏ సంగతైనా "తుఫానుకి ముందు", "తుఫాను తర్వాత" అనే చెప్తారు. ఆ నెలల్లో వస్తే రద్దు చేసుకునే వీలున్న టికెట్లు, గదులే తీసుకోండి. ఏప్రిల్, మే సంగతి ఒక్క మాటలో చెప్తా: ఉక్క. కాలవలు మరమ్మతులకి కట్టేస్తారు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరబోట్లకి వేట నిషేధం, చేపలు అంతంతమాత్రం. మామిడిపళ్ల కోసమైతే సరే.

సంక్రాంతి మూడు రోజులూ మాత్రం అంత తేలిగ్గా పెట్టుకోకండి. గదులు దొరకవు, దొరికినా రేటు వింటే కళ్లు తిరుగుతాయి. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడాలనుంటే అది వేరే సంగతి, అది చూడాల్సిందే, కాకపోతే అదే ఒక ట్రిప్పు. అలాగే మాఘశుద్ధ దశమికి అంతర్వేది నరసింహస్వామి కల్యాణం. ఆ వారం రోజులూ అంతర్వేది వైపు బీచ్ కోసం వెళ్తానంటే ఎవరూ దారివ్వరు.

2. తర్వాత తిథి చూడండి

నవ్వకండి. గోడ మీద తెలుగు క్యాలెండర్ ఉంటే తీయండి, మీరు అనుకున్న వారంలో అమావాస్య, పౌర్ణమి ఎప్పుడొచ్చాయో చూడండి.

సముద్రం పొంగి పాయల్లోకి ఎక్కడాన్ని పోటు అంటారు, వెనక్కి తీయడాన్ని పాటు అంటారు. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఇంచుమించు ఆరు గంటలు, రేపటి పోటు ఇవాళ్టి కన్నా 50 నిమిషాలు అటూఇటూగా ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా తీస్తుంది. అష్టమి దగ్గర ఆ తేడా చాలా తక్కువ. మీకు కావలసింది ఈ రెండింటికీ మధ్య. అమావాస్య గానీ పౌర్ణమి గానీ వెళ్లాక నాలుగో రోజు నుంచి అష్టమి వరకూ ఉన్న రోజులు పట్టుకోండి. బురద బయటపడేంత పాటు ఉంటుంది, పడవ కూర్చుండిపోయేంత ఉండదు.

ఫోన్‌లో కాకినాడ టైడ్ టైమింగ్స్ అని కొడితే ఏ రోజు ఎన్నింటికి పోటో వచ్చేస్తుంది. నాలుగు రోజులవీ ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. లోపలి పాయల్లోకి నీళ్లు చేరడానికి ఇంకాస్త టైం పడుతుంది, అది ఆ పాయని బట్టి ఉంటుంది. ఆ లెక్క పడవవాడికి తప్ప ఫోన్‌కి తెలియదు.

ఇదంతా నాకు పుస్తకం చదివి తెలియలేదు. మూడేళ్ల కిందట మా బావగారి కుటుంబాన్ని ఒక చిన్న పాయలో పడవ మీద తిప్పుదామని మాట్లాడాను. పడవ కుర్రాడు రెండింటికల్లా రమ్మన్నాడు. మేం భోజనాలు చేసి, కిళ్లీలు కట్టించుకుని, ఫొటోలు దిగి నాలుగింటికి చేరాం. లోపలికి బాగానే వెళ్లాం. తిరిగొచ్చేటప్పుడు పాయ మధ్యలో పడవ అడుగున ఒక మెత్తటి శబ్దం వచ్చింది, గిన్నెలో పెరుగు తోడుకున్నాక గరిటె దిగినట్టు, అంతే, ఆగిపోయింది. ఆ కుర్రాడు గెడతో రెండుసార్లు తోశాడు, గెడ మోచేతి లోతు బురదలోకి దిగింది గానీ పడవ కదల్లేదు. బీడీ వెలిగించుకుని కూర్చున్నాడు. "నేను రెండింటికే రమ్మన్నానండి. మీ కోసం నీళ్లాగవు కదండి," అన్నాడు. దాదాపు మూడు గంటలు. చీకటి పడింది, దోమలు వచ్చాయి, మా అక్క నాతో మాట్లాడటం మానేసింది, మేనల్లుడు ఒక్కడే ఫోన్ లైటు వేసి పీతలు లెక్కపెడుతూ సంబరపడ్డాడు.

3. రైలు టికెట్లు: దిగేది ఒకచోట, ఎక్కేది ఇంకోచోట

అందరూ రాజమండ్రిలో దిగి, కారు మాట్లాడుకుని, చుట్టూ తిరిగి మళ్లీ రాజమండ్రి వెళ్తారు. అలా చేస్తే సగం ట్రిప్పు రావులపాలెం సెంటర్లోనే గడిచిపోతుంది. అమలాపురానికి రైలు లేదు కాబట్టి వేరే దారి లేదనుకుంటారు. ఉంది.

హైదరాబాద్ వైపు నుంచి నరసాపురానికి రాత్రి రైలు ఉంటుంది, పొద్దున్నే దించుతుంది. అక్కడినుంచి పంటు మీద వశిష్ఠ దాటితే అవతల సఖినేటిపల్లి, అంటే మీరు కోనసీమలో పడమటి చివర ఉన్నట్టు. అక్కడినుంచి తూర్పుకి జరుగుతూ అంతర్వేది, దిండి, అమలాపురం, ఓడలరేవు, యానాం, కోరంగి చూసుకుని కాకినాడలో తేలండి. కాకినాడలో రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కేయండి. వెళ్లిన దారి మళ్లీ తొక్కే పని లేదు. కారు మాత్రం సఖినేటిపల్లి వైపు నుంచి, కాకినాడలో వదిలేసేలా మాట్లాడుకోండి, ఖాళీగా తిరిగెళ్లే డీజిలు కూడా అడుగుతారు, ముందే తేల్చేసుకుంటే గొడవ ఉండదు. సొంత కారులో వచ్చేవాళ్లు చించినాడ వంతెన మీదుగా నేరుగా దిండి వైపు రావచ్చు, కానీ ఒక్కసారైనా పంటు ఎక్కండి.

పంటు ఎక్కడం తెలియనివాళ్ల కోసం: నరసాపురం వైపు రేవుని మాధవాయిపాలెం రేవు అంటారు. పంటు అంటే పెద్ద చదునైన పడవ. మనుషులు, సైకిళ్లు, మోటార్‌సైకిళ్లు, గేదెకి పచ్చగడ్డి మోపులు, పెళ్లికి వెళ్లే పట్టుచీరలు, రెండు మూడు కార్లు, అన్నీ దాని మీదే. కారు ఎక్కించేటప్పుడు మీరు దిగిపోండి, డ్రైవర్ ఒక్కణ్ణే ఉండమనండి. రేవు వాలుగా ఉంటుంది, బల్లల మీద చక్రం ఎక్కగానే పంటు ఒక పక్కకి ఒరుగుతుంది, మొదటిసారి చూస్తే గుండె జారుతుంది, వాళ్లు మాత్రం "రానియ్ రానియ్, ఇంకా ఉంది" అంటూ చేతులూపుతూనే ఉంటారు. చిల్లర దగ్గర పెట్టుకోండి. చీకటి పడ్డాక పంటు ఉండదనుకునే ప్లాన్ వేసుకోండి, ఉంటే అదృష్టం.

4. గదులు

రెండు రాత్రులు దిండి చుట్టుపక్కల, ఒక రాత్రి అమలాపురంలో గానీ కాకినాడలో గానీ. దిండిలో వశిష్ఠ ఒడ్డున పర్యాటక శాఖ రిసార్టు ఉంది, ప్రైవేటువీ ఉన్నాయి, హౌస్‌బోట్లూ ఉన్నాయి. బుక్ చేసేముందు మూడు ప్రశ్నలు అడగండి: కిటికీలోంచి నది కనిపిస్తుందా, జనరేటర్ ఎక్కడ ఉంది, స్నానానికి మంచినీళ్లా ఉప్పునీళ్లా. ఒకచోట మా స్నేహితుడికి ఫొటోలో గోదావరి చూపించి, తీరా వచ్చాక జనరేటర్ షెడ్డు పక్క గది ఇచ్చారు. అడిగితే "నది అటువైపు ఉందండి" అన్నారు, అబద్ధమేమీ కాదు. హౌస్‌బోట్ అయితే రాత్రంతా తిరుగుతుందా, కట్టేసి ఉంచుతారా అన్నది కూడా అడగండి. చాలామంది రాత్రంతా ప్రయాణం అనుకుని వచ్చి నిరాశపడతారు.

కారు కొబ్బరిచెట్టు కింద పెట్టకండి. కొబ్బరికాయకి మూడు కళ్లున్నాయి, మనిషి నెత్తిన పడదంటారు మా వాళ్లు. కారు అద్దానికి అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేదు.

5. బీచ్ రోజు

అంతర్వేదిలో గుడి చూసుకుని, లైట్‌హౌస్ దగ్గరికి, అక్కడినుంచి వశిష్ఠ సముద్రంలో కలిసే చోటికి వెళ్లండి. అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు దాన్ని. నది రంగు వేరు, సముద్రం రంగు వేరు, మధ్యలో ఒక గీత ఇసుకలోకి నడుచుకుంటూ వచ్చినట్టుంటుంది. పొద్దున్నే వెళ్తే మనుషులు తక్కువ, సాయంత్రం వెళ్తే వెలుగు బాగుంటుంది. సాయంత్రమైతే తిరుగు ప్రయాణం సంగతి ముందే చూసుకోండి.

రెండో బీచ్ కావాలంటే ఓడలరేవు. వైనతేయ సముద్రంలో కలిసేది అక్కడే. ఒకవైపు చమురు సంస్థ ప్లాంటు, ఇంకోవైపు వలలు బాగుచేసుకునే జాలర్లు, పోస్టుకార్డు అందం కాదు గానీ నాకైతే అదే ఇష్టం. జనం వద్దు, ఇసుక, సరుగుడు తోటలు చాలనుకుంటే ఉప్పలగుప్తం మండలంలో ఎస్.యానాం బీచ్ ఉంది, పేరు చూసి యానాం వెళ్లిపోకండి, రెండూ వేరు.

ఇప్పుడు అసలు మాట. నది సముద్రంలో కలిసే చోటుని మా జాలర్లు మొగ అంటారు. మొగ దగ్గర స్నానానికి దిగకూడదు. మోకాలి లోతే కదా అనిపిస్తుంది, కానీ అడుగున ఇసుక రోజుకో చోటికి మారుతుంది, ఒక అడుగు అవతల మనిషి మునిగేంత లోతుండొచ్చు. పాటు మొదలయ్యాక నది నీళ్లూ, పోటుకి లోపలికెళ్లిన నీళ్లూ కలిసి ఒకేసారి బయటికి లాగుతాయి. ఈత వచ్చినవాళ్లే ఎక్కువ పోతారక్కడ, రానివాళ్లు దిగరు కాబట్టి. మొగకి దూరంగా, ఊరివాళ్లు స్నానం చేసేచోట, పోటు ఎక్కుతున్నప్పుడు, నడుము లోతు దాటకుండా దిగండి. జేబులో కాగితం ఉంది కదా, అది చూడండి. ఒకవేళ నీళ్లు లోపలికి లాగుతున్నాయనిపిస్తే ఒడ్డు వైపు ఎదురీదకండి, అలిసిపోతారు. ఒడ్డు వెంబడే పక్కకి ఈదండి, ఆ లాగుడు దాటాక అలే మిమ్మల్ని ఒడ్డుకి తోస్తుంది.

జనవరి నుంచి మార్చి మధ్యలో ఈ తీరం మీద ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట గుడ్లు పెట్టడానికి వస్తాయి. కనబడితే దూరంగా కూర్చోండి, టార్చి వేయకండి, ఫ్లాష్ అసలే వద్దు. వెలుతురు పడితే తల్లి గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరిగిపోతుంది, పిల్లలైతే సముద్రం అనుకుని లైటు వైపు నడుస్తాయి. గుడ్లు ముట్టుకోవడం నేరం కూడా. పొద్దున ఇసుక మీద ట్రాక్టర్ టైరు లాంటి గుర్తు నీళ్లలోంచి పైకి, మళ్లీ కిందికి ఉంటే అది తాబేలు వచ్చి వెళ్లిన దారి. చచ్చిపోయి ఒడ్డుకి కొట్టుకొచ్చినవి కూడా కనిపిస్తాయి. పిల్లలు అడుగుతారు, వలల్లో ఇరుక్కుని ఊపిరాడక పోతాయని చెప్పండి, దాచడం ఎందుకు.

6. సైకిలు రోజు

అడ్వెంచర్ అంటే తాళ్లు కట్టుకుని దూకడమే అనుకునేవాళ్లకి ఇక్కడ పెద్దగా ఏమీ లేదు. నా ఓటు కాలవ గట్టుకి. తెల్లవారి ఆరింటికి బయల్దేరి పది లోపు తిరిగొచ్చేయాలి, తర్వాత ఎండ. దిండి వైపు నుంచైనా, అమలాపురం వైపు నుంచైనా లంకల గన్నవరం అక్విడక్ట్ దాకా వెళ్లండి. కింద వైనతేయ నది, పైన దాన్ని దాటిపోయే కాలవ, నది మీద నది అన్నమాట. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర కాలంలో, 1850ల మొదట్లో, 49 కమానులతో కట్టారు పాతదాన్ని. ఇప్పుడు నీళ్లు పారే కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆకలన్నవాడికి వేళాపాళా లేకుండా అన్నం పెట్టిన ఇల్లాలు ఆవిడ, ఈ ఊరే. సైకిళ్లు రిసార్టులో ఇస్తారేమో అడగండి, లేకపోతే ఊళ్లో సైకిల్ షాపువాడిని రెండు రోజులకి బతిమాలుకోండి, నేనైతే అదే చేస్తా.

పాపికొండలు, మారేడుమిల్లి కూడా ఇందులో ఇరికిద్దామని అడుగుతారు. వద్దు. అవి డెల్టా కాదు, పైన కొండలు, విడిగా రెండు రోజులు కావాలి. ఎప్పుడు వెళ్లినా సరే, ఏ పడవ అయినా సరే, లైఫ్ జాకెట్ వేసుకుని బకిల్ పెట్టుకున్నాకే కూర్చోండి. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగింది కూడా వరద నీటిలోనే. జాకెట్ ఫొటోకి అడ్డమని తీసేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

7. మడ అడవి రోజు, దీనికి తొందర పడకండి

యానాం నుంచి కాకినాడ వెళ్లే దారిలోనే కోరంగి అభయారణ్యం. గోదావరి తెచ్చిన ఒండ్రులో, ఉప్పునీళ్లలో పెరిగే మడ అడవులు, 1978లో అభయారణ్యం చేశారు, 235 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు ఇది పెద్ద ఓడరేవు, 1839 తుఫాను దాన్ని ఊడ్చిపెట్టేసింది. ఇక్కడినుంచి ఓడెక్కి బర్మా పోయినందుకే అక్కడ తెలుగువాళ్లని కోరంగీలు అనేవారు.

టైం ఎలా పెట్టుకోవాలంటే: జేబులో కాగితం తీసి, పాటు పూర్తిగా తీసేసే గంట పొద్దున పూట ఎప్పుడుందో చూడండి. అది అయ్యాక ఒక గంటకి, అంటే నీళ్లు మళ్లీ ఎక్కడం మొదలయ్యాక, పడవ ఎక్కండి. బురద ఇంకా బయటే ఉంటుంది, పక్షులు దాని మీదే తింటూ ఉంటాయి, నీళ్లు పెరుగుతుంటాయి కాబట్టి పడవ చిక్కుకుపోదు. మా బావగారి కథ మళ్లీ జరగదు. అలా కుదరని రోజైతే పడవ మానేసి, చెక్క వంతెన దారి మీద నడవండి, అది ఏ వేళకైనా బాగానే ఉంటుంది. పడవ నడిపే వేళలు ముందు రోజే ఫోన్ చేసి కనుక్కోండి. మనిషికి ఇంతా, పడవకి ఇంతా అన్నది ఎక్కకముందే తేల్చుకోండి.

లోపలికి వెళ్లాక చెట్ల పైకి కాదు, కిందకి చూడండి. మడచెట్టు చుట్టూ బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు వేలకొద్దీ వేర్లు పైకి లేచి ఉంటాయి. ఆ బురదలో గాలి ఉండదు, అందుకని చెట్టు వేర్లని బయటపెట్టి ఊపిరి పీలుస్తుంది. ఉప్పుపొన్నకి గింజ చెట్టు మీదే మొలకెత్తి, మునక్కాడలా వేలాడుతుంది, బరువెక్కాక నిటారుగా జారి బురదలో గుచ్చుకుంటుంది. అలా ఒకటి నా కళ్ల ముందే పడింది, టప్ మని, చుట్టూ పీతలన్నీ ఒక్క క్షణం కన్నాల్లోకి పోయి మళ్లీ బయటికొచ్చాయి. ఆ పీతల్లో మగవాటికి ఒక డెక్క ఒంటికన్నా పెద్దది, ఎర్రగా, దాన్ని ఎత్తి ఊపుతుంటాయి, రేవులో పంటువాడు కారుని రానియ్ రానియ్ అన్నట్టే. పక్కనే వేలెడంత చేపలు బురద మీద గెంతుతుంటాయి, కళ్లు నెత్తి మీద ఉంటాయి, పిల్లలు కప్పలనుకుంటారు. ఒక పావుగంట పడవ ఇంజిన్ ఆపించి ఊరికే కూర్చోండి. అడగడానికి మొహమాటపడకండి.

తిల్ల చెట్టు కొమ్మలు విరవకండి, పాలు కారతాయి, కంట్లో పడితే ప్రమాదం. ఏది తిల్లో మీకు తెలియదు కాబట్టి ఏదీ విరవకండి.

బావురు పిల్లి కనిపిస్తుందా అని అందరూ అడుగుతారు. నీళ్లలో దిగి చేపలు పట్టే అడవి పిల్లి, కోరంగికి పేరు తెచ్చింది అదే, కానీ రాత్రి తిరుగుతుంది, పగలు పడవలో మాట్లాడుకుంటూ వెళ్లే పదిమందికి కనిపించదు. బురద మీద అడుగులు చూపించమని పడవవాణ్ణి అడగండి, చూపిస్తాడు. నీటికుక్కలకి మాత్రం అవకాశం ఉంది, పొద్దున్నే గుంపుగా తిరుగుతాయి, తల బయటపెట్టి మిమ్మల్నే చూస్తాయి. నాకు నాలుగైదుసార్లు వెళ్తే ఒక్కసారి కనిపించాయి.

కాకినాడ ఎదురుగా హోప్ ఐలాండ్ ఉంది, ఇసుక మేట వేసి పుట్టిన దీవి, కాకినాడకి అలల దెబ్బ తగలకుండా అడ్డం పడుకున్నట్టు ఉంటుంది. గాలి, అనుమతులు కుదిరిన రోజునే పడవలు. కుదిరితే వెళ్లండి, దాన్ని నమ్ముకుని మాత్రం ప్లాన్ వేయకండి. పక్షుల పిచ్చి ఉన్నవాళ్లు ఈ ట్రిప్పుకి ముందే ఒక పూట కైకలూరు దగ్గర ఆటపాక వెళ్లి రండి. కొల్లేటి గూడబాతులు అక్కడ చెట్లకి కాయలు కాసినట్టు ఉంటాయి.

8. తిండి

దీనికి ప్లాన్ అక్కర్లేదు గానీ కొన్ని తప్పిపోతాయని చెప్తున్నా. అంబాజీపేట మీదుగా వెళ్తే పొద్దున పూట పొట్టిక్కలు, పనసాకు బుట్టల్లో ఉడికించిన ఇడ్లీ అనుకోండి, ఆకు వాసన పడుతుంది. ఆత్రేయపురం పూతరేకులు ఊళ్లోనే కొనండి, చేసేచోట నిలబడి చూడండి, కాగే కుండ మీద పిండి గుడ్డ ఒక్కసారి పరిచి తీస్తారు, రేకు లేస్తుంది. పీతలు తినేవాళ్లు మండపీత అడగండి, పట్టుకుని ఒత్తి చూస్తే గట్టిగా ఉండాలి. దసరా తర్వాత వచ్చినవాళ్లకి యానాం, అంతర్వేది వైపు చీరమీను దొరకొచ్చు, సన్నటి చేపపిల్లలు, చీరల్తో పడతారు వాటిని, చింతకాయతో వండించుకోండి. యానాంలో గౌతమి ఒడ్డున సాయంత్రం బాగుంటుంది, 1954 దాకా ఫ్రెంచివాళ్లది, ఇప్పుడు పుదుచ్చేరిది, అంటే రాష్ట్రం మారుతుంది. చవగ్గా ఉందని సీసాలు డిక్కీలో వేసుకుని బయల్దేరితే చెక్‌పోస్టులో మీరే సమాధానం చెప్పుకోవాలి.

9. సంచిలో

దోమల మందు, సాయంత్రానికి పొడుగు చేతుల చొక్కాలు, వెనక పట్టీ ఉన్న చెప్పులు (బురదలో మామూలు చెప్పులు అక్కడే ఉండిపోతాయి, మీరు ముందుకి వచ్చేస్తారు), ఫోన్‌కి ప్లాస్టిక్ కవరు, పడవలకీ పంటుకీ నోట్లు, ఉంటే ఒక బైనాక్యులర్స్. తెల్ల బట్టలు వద్దు. మీ ఇష్టం, ఫొటోల్లో బాగుంటాయని వేసుకొచ్చినవాళ్లని చూశాను, తిరిగెళ్లేటప్పుడు చూడటం ఇంకా సరదాగా ఉంది.

చివరి రోజు కాకినాడలో కాజాలు కొనుక్కుని స్టేషన్‌కి వెళ్లే ముందు, ఎక్కడైనా పంపు దొరికితే చెప్పుల బురద కడిగేసుకోండి. మడ బురద ఎండితే గీకినా పోదు, ఏసీ బోగీలో ఆ వాసన సికింద్రాబాద్ దాకా మీతోనే వస్తుంది.